ఇల్లు పీకి పందిరేసే కుక్కకి మడత బోను కొనొచ్చా? 42 అంగుళాల వైర్ క్రేట్‌ రివ్యూ

భీమవరం, రాజమండ్రి, కాకినాడల్లో కాస్త పెద్ద పెట్ షాపుకి వెళ్తే గోడకి ఆనించి నల్లటి ఇనప చట్రం ఒకటి కనిపిస్తుంది. మడిచి ఉన్నప్పుడు నాలుగైదు వేళ్ల మందం, విప్పితే ఎదిగిన లాబ్రడార్ పట్టేంత బోను. అమ్మేవాళ్ల మాట దాదాపు ఒకటే: "ఇందులో పెట్టి గడేసుకుని ఎల్లిపోండి సార్, సాయంత్రం దాకా కిక్కురుమనదు." కిక్కురుమనకపోవచ్చు. అది హాయిగా నిద్రపోయిందా, బెదిరి బిగుసుకుపోయిందా అన్నది మాత్రం బిల్లు కట్టే ముందే మనం తేల్చుకోవాలి.

ఈ రివ్యూ 42 అంగుళాల రెండు తలుపుల వైర్ క్రేట్ గురించి. ఫలానా కంపెనీ అని పేరు పెట్టడం లేదు. ఈ సైజులో దొరికే మడత బోనులన్నీ దాదాపు ఒకే నమూనా. తేడాలన్నీ తీగ మందంలో, గడియల్లో, కింద ట్రేలో ఉంటాయి. కుక్కపిల్లల సంగతి పక్కన పెట్టాం. రెండేళ్లు దాటి, ఇంటి పద్ధతులు తెలిసి, మనుషులున్నంతసేపూ బుద్ధిమంతుడిలా కూర్చుని, గేటు చప్పుడు వినపడగానే సోఫా మీద పడే కుక్కల కోసం ఇది.

మా తీర్పు ముందే చెబుతాం. తోచక కొరికే కుక్కకి, రోజుకి మూడు నాలుగు గంటలపాటు, నీడా గాలీ ఉన్న గదిలో వాడేట్టయితే ఇది మంచి వస్తువు. ఒంటరిగా ఉండటానికే హడలిపోయే కుక్కకి దీనివల్ల ఉపయోగం లేకపోగా ప్రమాదం. ఏప్రిల్ నుంచి జూన్ నెలాఖరు దాకా గోదావరి డెల్టా ఉక్కలో మిట్టమధ్యాహ్నం పూట మాత్రం ఏ కుక్కకీ సిఫార్సు చెయ్యం.

వస్తువు సంగతి

42 అంటే పొడవు. వెడల్పు 28, ఎత్తు 30 అంగుళాలకి ఒక అంగుళం అటూ ఇటూగా ఉంటుంది. బరువు పదిహేను కిలోల పైమాటే, కాబట్టి "పోర్టబుల్" అని అట్టపెట్టె మీద ఉన్నా మేడమెట్లు ఎక్కించేటప్పుడు ఇద్దరు కావాలి. లోపల కుక్కపిల్లల కోసం ఒక అడ్డుజాలీ ఇస్తారు. పెద్ద కుక్కకి దాంతో పని లేదు, తీసి అటక మీద పడేయండి.

బిగించడం తేలికే. నేల మీద పడుకోబెట్టి పైకప్పు పట్టుకుని లేపితే పొడవాటి రెండు పక్కలూ లేస్తాయి. తర్వాత లోపలికి మడిచి ఉన్న పొట్టి గోడల్ని లేపి, వాటి కొక్కేల్ని పక్క తీగలకి తగిలించి కిందికి నొక్కాలి. చాలామంది ఈ నొక్కడం దగ్గరే వదిలేస్తారు. కొక్కెం సగమే దిగితే చూడ్డానికి బాగానే ఉంటుంది. కుక్క ఒక్కసారి ఒళ్లు విదిలిస్తే గోడ దాని నెత్తిన పడుతుంది. అలా పడిందంటే ఆ కుక్క మళ్లీ బోను గడప తొక్కదు. బిగించాక పైకప్పు పట్టుకుని నాలుగు వైపులా ఊపి చూడండి. గలగలమంటే పర్వాలేదు గానీ మూల కదలకూడదు.

గడియలు దీని బలహీనత. గడియ కడ్డీని పక్కకి జరిపి, దాని పిడిని కిందికి వాల్చాలి. పిడి వాల్చకుండా వదిలేస్తే కుక్క పంజాతో తలుపుని నాలుగుసార్లు అదిలించేసరికి కడ్డీ దానంతటదే జారిపోతుంది. తలుపుకి ఒకే గడియ ఉన్న మోడల్ ఈ సైజులో కొనకండి. మధ్యలో ఒక్క గడియే ఉంటే తలుపు కింది మూల రెండు వేళ్ల సందు బయటికి వంగుతుంది. కుక్క అందులోంచి బయటపడదు, మూతో పంజానో దూర్చి ఇరుక్కుంటుంది. రెండు గడియలున్నా కింది మూలకి ఒక స్ప్రింగు కొక్కెం, అంటే కుక్క గొలుసు చివర ఉండేలాంటిది, తగిలిస్తే నిశ్చింత. బైండింగ్ వైరు చుట్టకండి. వైరు మొనలు మూతికి గీసుకుంటాయి. పైగా ఏదైనా అవాంతరం వచ్చి పక్కింటివాళ్లు తలుపు తియ్యాల్సొస్తే ప్లయరు కోసం వెతుక్కోవాలి.

తీగ మందం గేజీలో రాస్తారు. గేజీ అంకె తగ్గేకొద్దీ తీగ లావు. చాలా పెట్టెల మీద ఆ అంకే ఉండదు కాబట్టి, షాపులో పక్కగోడ మధ్యలో బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కండి. అరంగుళం లోపలికి పోయి వెనక్కి రాకపోతే దాన్ని వదిలేయండి. అతుకుల్ని కూడా వేలితో తడమండి. టాకా దగ్గర ముల్లులా పొడుచుకొచ్చిన చోటు ఉంటే కుక్క చెవో పెదవో చీరుకుంటుంది.

ఇక తుప్పు. పైన ఉండే నల్ల పూత ముందు పెచ్చులూడేది తీగ మీద తీగ అతికిన చోట. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి ఆ అతుకులు ఇంకా త్వరగా ఎర్రబారతాయి. ఒంటేలు పడ్డ కింది జాలీ పరిస్థితి సరేసరి. వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టడం తప్ప వేరే మందు లేదు. లోపలి వైపు రెడాక్సైడ్ పూయొద్దు. నాకే చోట, కొరికే చోట పెయింటు పెచ్చులు కడుపులోకి పోతాయి. ఫినాయిల్‌తో కూడా కడగొద్దు, కుక్క ముక్కుకీ చర్మానికీ అది పడదు. ఒంటేలు వాసన పూర్తిగా పోవాలంటే పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది. వాసన మిగిలితే కుక్క మళ్లీ అక్కడే పోస్తుంది.

ప్లాస్టిక్ ట్రే అన్నిటికంటే ముందు పాడయ్యే భాగం. నేల గీరే అలవాటున్న కుక్క ముందు అంచుని పంజాతో లాగి, వంచి, మూల పగలగొడుతుంది. పగిలిన ముక్క మింగితే పేగుకి అడ్డం పడొచ్చు. ట్రే జారకుండా ఆపే చిన్న కొక్కెం ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. పగిలాక కొత్త ట్రే విడిగా దొరకడం కష్టం. రేకు పని చేసేవాళ్లకి కొలత ఇచ్చి, అంచులు లోపలికి మడిచి జీఐ రేకుతో చేయించుకోవచ్చు. చప్పుడు కాస్త ఎక్కువ, అంతే.

సైజు

కుక్కని నిలబెట్టి ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలవండి, దానికి నాలుగు అంగుళాలు కలపండి. అది పొడవు. కూర్చోబెట్టి నడినెత్తి దాకా కొలిచి మరో నాలుగు కలిపితే ఎత్తు. ఆ లెక్కన మామూలు లాబ్రడార్‌కి, గోల్డెన్ రిట్రీవర్‌కి 42 సరిపోతుంది. బారైన మగ లాబ్రడార్‌కి, జర్మన్ షెపర్డ్‌కి 48 తీసుకోవాలి. మన ఊరకుక్కల్లో చాలావాటికి 36 చాలు గానీ కాళ్లు పొడుగు కాబట్టి ఎత్తు కొలవకుండా కొనకండి. "సరిగ్గా పట్టేంతే ఉండాలి, పెద్దదైతే మూలన పోస్తుంది" అన్న సలహా కుక్కపిల్లలకి ఒంటేలు అలవాటు చేసేటప్పటిది. ఎదిగిన కుక్కకి ఒక సైజు పెద్దదైనా నష్టం లేదు.

చట్టం కూడా ఒకటుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, కదలడానికి చాలినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో జంతువుని ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసో మూసేసో ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడం కూడా అదే సెక్షన్‌లో విడిగా రాసి ఉంది. ఉదయం ఎనిమిదింటికి గడేసి సాయంత్రం ఆరింటికి తీసే ఇళ్లు ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మీ కుక్కది ఏ రకం గొడవ?

కొనాలా వద్దా అన్నది ఇక్కడ తేలుతుంది. పాత ఫోను ఒకటి అల్మరా మీద పెట్టి, వీడియో ఆన్ చేసి, మామూలుగా బయటికి వెళ్లే తీరులోనే వెళ్లండి. ఒక గంట రికార్డు చాలు. బోను ఇంకా కొనలేదు కాబట్టి కుక్క ఇంట్లో వదిలేసే ఉండాలి.

మీరు వెళ్లిన కాసేపు గుమ్మం దగ్గర కూర్చుని, తర్వాత పడుకుని, గంటకో రెండు గంటలకో లేచి చెత్తబుట్ట దొర్లించి, చెప్పు తెచ్చుకుని తీరిగ్గా నమిలితే అది తోచకపోవడం. మీరు వదిలి వెళ్లిన తిండి తినేస్తుంది. పాడైన వస్తువులకి వరసా వావీ ఉండదు. వాసన ఉన్నవీ మెత్తనివీ ఎక్కువ ఉంటాయి. ఈ కుక్కకి క్రేట్ పనికొస్తుంది. నిజానికి పొద్దున్నే ముప్పై నలభై నిమిషాల నడక, నమలడానికి ఒక వస్తువు ఇస్తేనే వీటిలో చాలావాటికి సగం గొడవ తగ్గుతుంది.

వెళ్లిన అరగంట లోపే మొదలైతే విషయం వేరు. ఆగకుండా ఆ గుమ్మానికీ ఈ కిటికీకీ తిరగడం, నేల తడిసేలా చొంగ, సాగదీసిన ఊళ, ప్రాణంలా ఇష్టపడే చికెన్ ముక్క కూడా ముట్టకపోవడం, బయట తప్ప పోయని కుక్క హాల్లో పోసెయ్యడం, గీతలన్నీ మీరు వెళ్లిన తలుపు మీదే ఉండటం. ఇది అల్లరి కాదు, భయం. ఈ కుక్కని బోనులో పెడితే తీగలు పళ్లతో లాగి కోరపళ్లు విరగ్గొట్టుకుంటుంది, గోళ్లు ఊడగొట్టుకుంటుంది. అసలు బాధ ఒంటరితనమైతే దానికి బందిఖానా తోడవుతుంది. కొన్ని కుక్కలు రెండో రోజుకే చప్పుడు చెయ్యడం మానేస్తాయి, యజమాని మార్పొచ్చిందనుకుంటాడు. వీడియోలో చూస్తే ఒక మూల ఒదిగి వగరుస్తూనే ఉంటాయి.

దీనికి వైద్యం ఉంది. పది సెకన్లు బయటికెళ్లి రావడంతో మొదలుపెట్టి, కుక్క బెదరనంత మేరకే సమయం పెంచుకుంటూ పోయే అలవాటు పద్ధతి ఒకటి. దానికి తోడుగా వెటర్నరీ డాక్టర్లు క్లోమిప్రమీన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు రాస్తారు. వాటి గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మనుషుల నిద్రమాత్ర సగం విరిచి వేసే సొంతవైద్యం మాత్రం వద్దు. దగ్గర్లో కుక్కల వైద్యం బాగా తెలిసినవాళ్లు లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి దాకా వెళ్లడం బోను ఖర్చు కంటే సార్థకం. వెళ్లేటప్పుడు ఆ వీడియో తీసుకెళ్లండి. డాక్టరుకి మీ వర్ణన కంటే అదే ఎక్కువ చెబుతుంది.

ఈ రెండూ కానివీ ఉంటాయి. వీధిలోకి చూసే కిటికీ దగ్గర మాత్రమే గోడ గీరి ఉంటే అది పిల్లులకో పందికొక్కులకో చేసిన యుద్ధం; ఆ కిటికీ కింది సగానికి అడ్డం పెడితే సరి. దీపావళికి, వినాయక చవితి డీజేలకి, ఉరుములకి మాత్రమే రెచ్చిపోతే అది చప్పుడు భయం, దానికి కూడా బోను మందు కాదు. ఆరేడేళ్లు బుద్ధిగా ఉండి ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెడితే ముందు ఒంటేలు పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. ఒంటేలులో ఇన్‌ఫెక్షనో షుగరో ఉన్న కుక్కని నాలుగు గంటలు ట్రే మీద బంధించడం అన్యాయం. ముసలి కుక్కలకి మనుషుల్లాగే మతిమరుపు కూడా వస్తుంది. పిల్లలు హాస్టళ్లకీ హైదరాబాద్‌కీ వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయిన నెలలోనే గొడవ మొదలైతే, అది కూడా డాక్టరుకి చెప్పాల్సిన సంగతే.

డెల్టా వేడిలో ఈ బోను

మిగతా రివ్యూల్లో కనపడని అసలు లోపం ఇదే. కుక్కకి ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చి, తడి ఆవిరి చేసి ఒంటి వేడి దించుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవిరి అవడమే మందగిస్తుంది. అందుకే రాయలసీమ ఎండ కంటే అమలాపురం ఉక్క కుక్కకి తేలికేమీ కాదు. ఇంట్లో తిరిగే కుక్క ఏం చేస్తుందో గమనించండి: పొట్ట నేలకి ఆనించి, వెనక కాళ్లు చాపుకుని, బాత్రూం గుమ్మం దగ్గరో మంచం కిందో చల్లటి గచ్చు వెతుక్కుంటుంది, అది వేడెక్కగానే రెండడుగులు జరుగుతుంది. బోను ఆ రెండూ తీసేస్తుంది. జరగడానికి చోటుండదు, పొట్ట కింద ప్లాస్టిక్ ట్రే.

ట్రే తీసేసి జాలీ మీద పడుకోబెట్టడం పరిష్కారం కాదు. గోళ్లు ఇరుక్కుంటాయి, మోచేతులు కాయలు కాస్తాయి. పనికొచ్చే ఉపాయం ఒకటుంది. రాళ్ల షాపులో గ్రానైట్ ముక్కో కడప బండో ట్రే లోపలి కొలతకి ఒక అంగుళం తక్కువ కోయించి, అంచులు నున్నగా రుద్దించి ట్రేలో పరవండి. మామూలు మందంలో ముప్పై కిలోలు, ఇంకా ఎక్కువే తూగొచ్చు. ఒళ్లు చల్లగా ఉంటుంది, ట్రే లాగలేదు, బోను జరపలేదు. మడిచి దాచే సౌకర్యం మాత్రం పోయినట్టే. ముసలి కుక్కకైతే సగం బండ వదిలేసి సగం మీద పల్చటి జంపఖానా వెయ్యండి. గుడ్డలు చింపి మింగే కుక్కకి ఏ పరుపూ వద్దు, గోనెసంచి అసలే వద్దు. ఆ పీచు పేగుల్లో చుట్టుకుంటుంది.

కరెంటు పోతే బోనులోని కుక్క ఫ్యాన్ లేని గదిలోంచి లేచి వెళ్లలేదు. ఆ గది ఫ్యాను ఇన్వర్టర్ లైన్ మీద లేకపోతే ఎండాకాలం క్రేట్ ఊసెత్తకండి. రేకుల షెడ్డు, మేడ మీది గది, పడమటి ఎండ పడే వరండా ఏ కాలంలోనూ వద్దు. పైన దుప్పటి కప్పమనే సలహా చలిదేశాలది. ముక్కు అణిగిన పగ్, షీట్జూలకి మన వాతావరణంలో మూసిన బోను ఎప్పుడూ ప్రమాదమే.

కుక్క మామూలు ఒంటి వేడి సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ఆలస్యం చెయ్యకూడదు. చిగుళ్లు ఎర్రగా కందిపోవడం, చిక్కటి చొంగ, తూలడం కనిపిస్తే మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాన్ గాలి తగిలిస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి బయటికి పోనివ్వదు.

చీమలు చిన్న విషయంలా కనిపిస్తాయి. బోనులో అన్నం మెతుకులు మిగిలి ఎర్రచీమలు పడితే కుక్కకి పారిపోయే దారి లేదు. తిండి పెట్టిన ప్రతిసారీ ట్రే తుడవండి, చీమలసుద్ద గీత కుక్క నాలుక అందనంత దూరంలో గియ్యండి. ట్రే కింద, తీగల ముడుల్లో గోమార్లు దాక్కుంటాయి. కుక్కకి మందు వేసి బోను వదిలేస్తే వారంలో మళ్లీ మొదలు. బోను ఖాళీ చేసి మరుగునీళ్లు పోయండి. లంక గ్రామాల్లో కింది అంతస్తు ఇళ్లవాళ్లు వరద రోజుల్లో, 2022 జులై లాంటి నీళ్లు మళ్లీ వస్తాయన్న హెచ్చరిక ఉన్నప్పుడు, కుక్కని గడేసి ఊళ్లోకి కూడా వెళ్లకూడదు. నీళ్లతోపాటు పాములూ వస్తాయి.

అలవాటు చెయ్యడం

కొన్న రోజే లోపలికి నెట్టి గడేస్తే డబ్బు దండగ. ఎదిగిన కుక్కకి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ.

మొదటి మూడు నాలుగు రోజులు తలుపు తాడుతో వెనక్కి కట్టెయ్యండి. మధ్యలో కొట్టుకుని చప్పుడైతే బెదురుతుంది. తిండిగిన్నె బోను గుమ్మంలో పెట్టి, పూటపూటకీ కాస్త లోపలికి జరుపుతూ వెళ్లండి. నాలుగు కాళ్లూ లోపల పెట్టి తినడం మొదలయ్యాక, తింటుండగా తలుపు మూసి, గిన్నె ఖాళీ అయ్యేలోపే తెరవండి. తినడం అయ్యాక తెరుస్తామంటే అప్పటికే గీరడం మొదలవుతుంది.

తర్వాత నమిలే బొమ్మ. లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలో రాత్రే పెరుగన్నం కూరి, మధ్యలో ఉడికించిన చికెనో గుడ్డో ఒక ముక్క దాచి డీప్ ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి గడ్డకడుతుంది. దాన్ని నాకి అవగొట్టడానికి కుక్కకి చాలాసేపు పడుతుంది, పైగా ఒళ్లు చల్లబడుతుంది. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర కలపొద్దు. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ విషం. ఉడికిన ఎముక చీలికలై గుచ్చుకుంటుంది. కోనసీమలో చవగ్గా దొరికే బొండం డిప్ప కూడా మనిషి ఎదురుగా ఉంటే తప్ప ఇవ్వొద్దు. దాని నార మింగే కుక్కలు చాలా ఉన్నాయి. ఈ బొమ్మ బోనులోనే దొరకాలి, బయట ఎక్కడా ఇవ్వకండి.

బొమ్మ ఇచ్చి తలుపు మూసి, అదే గదిలో కూర్చుని పేపరు చదవండి. ఐదు నిమిషాలు, పది, ఇరవై. అది కుదిరాక పక్కగదికి, ఆ తర్వాత గేటు బయటికి. రోజూ పెంచుకుంటూనే పోవద్దు. అరగంట తర్వాత పది నిమిషాలు, మళ్లీ ముప్పావుగంట, ఇలా కలగలపాలి. తాళాల చప్పుడు, హెల్మెట్, స్కూటర్ స్టార్టవడం కుక్కకి ముందస్తు హెచ్చరికలు. ఎక్కడికీ వెళ్లకుండానే తాళాలు తీసి మళ్లీ పెట్టడం, హెల్మెట్ పెట్టుకుని టీవీ చూడటం లాంటివి కొన్నాళ్లు చేస్తే వాటి పదును పోతుంది. ఇంట్లోవాళ్లు నవ్వినా పర్వాలేదు.

మెల్లగా మూలిగితే ఒక్క క్షణం ఆగేదాకా చూసి తెరవండి. చొంగ కారుస్తూ తీగలు కొరుకుతుంటే తక్షణం తెరవాలి. "మొండితనం నేర్చుకుంటుంది" అన్న లెక్క భయానికి వర్తించదు. అలా రెండోసారి జరిగితే క్రేట్ ఆలోచన మానుకుని పైన చెప్పిన వైద్యం దారి పట్టండి. తప్పు చేసిందని తిట్టి బోనులోకి తోస్తే నేర్పినదంతా ఒక్క పూటలో పోతుంది.

గడేసే ముందు ప్రతిసారీ మెడపట్టీ తీసెయ్యాలి. పట్టీ తీగకి తగులుకుని ఉరి పడే ప్రమాదం నిజంగా ఉంది. నీళ్లగిన్నె తీగకి మరలతో బిగించే స్టీలు రకం కొనండి, విడి గిన్నె పది నిమిషాల్లో బోర్లా పడుతుంది. కర్టెన్, ప్లగ్గు వైరు బోనుకి చేయి చాపు దూరంలో ఉండకూడదు. కుక్కలు వాటిని తీగల సందుల్లోంచి లోపలికి లాక్కుంటాయి.

ఒక్క విడతకి నాలుగు గంటలు హద్దు. మధ్యాహ్నం ఎవరో ఒకరు వచ్చి బయటికి తిప్పగలిగితే రెండో విడత. రాత్రి కూడా అందులోనే పడుకోబెడితే ఆ గంటలు కూడా లెక్కలోకి వస్తాయని మర్చిపోకండి.

దీనికి బదులు

డెల్టాలో చాలా ఇళ్లకి వెనక వరండా, కటకటాలు ఉంటాయి. నీడ పడే వెనక వరండాకి గ్రిల్ తలుపు, కింద చల్లటి నేల, ఒక ఫ్యాను ఉంటే మా ఓటు దానికే. క్రేట్ రెండో స్థానం. వీధి వైపు వరండా అయితే పోయేవాళ్లందరి మీదా మొరిగి అలిసిపోతుంది. వంటగది వద్దు, గ్యాస్ ట్యూబు ఉంటుంది. గది గుమ్మానికి పెట్టే పిల్లల అడ్డగేటు లాబ్రడార్‌కి ఒక గెంతు. నడుం పైదాకా వచ్చే పొడవాటి రకం దొరికితేనే తీసుకోండి.

వెల్డింగ్ షాపులో చేయించే బోను ఆవరణ ఉన్న ఇళ్లకి మంచి ఎంపిక. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మనిషి వంగి లోపలికెళ్లి కడగగలిగే ఎత్తు ఉండాలి. అంగుళం చదరపు పైపు ఫ్రేము, వెల్డ్ మెష్, నాపరాయి నేల, చెట్టు నీడ. జాలీ కోసిన మొనలు లోపలివైపు మిగలకుండా గ్రైండింగ్ చేయించుకోండి. చాలా షాపులు ఆ పని అడిగితేగానీ చెయ్యవు. "ఎంత కుక్కా విరగ్గొట్టలేదు" అని అమ్మే లావుపాటి పైపుల హెవీ డ్యూటీ క్రేట్ మాత్రం మాకు నచ్చలేదు. మామూలు వైరు బోనుని బద్దలు కొట్టే కుక్కకి కావలసింది డాక్టరు. గుడ్డ క్రేట్ కారు ప్రయాణాలకి, ప్లాస్టిక్ డబ్బా ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, అంతే. గొలుసు గురించి అడిగితే, మంచంకోడుకి కట్టేసి వెళ్లడం వీటన్నిటికంటే అధ్వానం. చుట్టూ తిరిగి మెడకి బిగుసుకుంటుంది.

42 సైజు ధర కంపెనీనిబట్టి, రోజునుబట్టి మారుతుంది. ఆన్‌లైన్‌లో కొంచెం తక్కువకి వస్తుంది గానీ దారిలో మూలలు వంగి రావడం మామూలే, కాబట్టి పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, ఆ రోజే బిగించి చూడండి. షాపులో కొంటే గడియలు అక్కడే పదిసార్లు వేసి తీసి పరీక్షించే వీలుంది. మేమైతే షాపుకే వెళ్తాం.

ఆరు నెలలు సాఫీగా సాగిన కుక్కకి తలుపు తెరిచి ఉంచి పావుగంట, అరగంట వదిలి వీడియో చూస్తూ మెల్లగా బోను మానిపించొచ్చు. చాలా కుక్కలు అప్పటికీ అందులోకే వెళ్లి పడుకుంటాయి, ఉండనివ్వండి. మడిచి దాచాల్సొస్తే వానాకాలంలో ట్రే విడిగా తీసి, చట్రం నిలువుగా పెట్టి, మడత కీళ్లకి కుట్టుమిషన్ నూనె చుక్క చొప్పున వేసి తుడిచెయ్యండి. ఇంట్లో ఉంది కదాని కొబ్బరినూనె రాస్తే మర్నాటికి చీమల బారు తయారు.